ఓర్సా ముఖం

గురువారం పొద్దున పదకొండు గంటల వేళ స్నేహలత ఎవరిదో ముందుపన్ను చెక్కుతోంది. నారాయణగూడలో ఫ్లైఓవర్ పక్క సందులో, రెండో అంతస్తులో ఉన్న డెంటల్ ల్యాబ్ అది. కిటికీ దగ్గరి బల్ల ఆమెది. స్పిరిట్ దీపం మీద చిన్న కత్తి మొన వేడిచేసి, దాంతో మైనం చుక్క తీసి ప్లాస్టర్ దవడ మీద పెట్టి, అది గట్టిపడుతుండగానే గీకి పన్ను ఆకారం తేవాలి. పదహారేళ్లుగా ఆమె చేతులకు అదే పని. ఆ దవడలు ఎవరివో ఆమెకు తెలీదు. డాక్టర్ల దగ్గర్నుంచి చీటీలు కట్టుకుని వస్తాయి, పళ్లు పెట్టించుకుని వెళ్లిపోతాయి.

ప్లాస్టర్ కలిపే మంగ, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి ఫోన్ ఆమె ముందు పెట్టింది.

"అక్కా, జర చూడు. ఈమె నీ దోస్తే గదా?"

నాగశ్రీయే. హైదర్‌గూడలోని తన ఫ్లాట్‌లో, వరసగా నిలబెట్టిన యాక్షన్ ఫిగర్ల ముందు కూర్చుని మాట్లాడుతోంది. అవి సినిమా వీరుల బొమ్మలు, రోబోలు, పక్షి తలల రాజులు. ఆమె యూట్యూబ్ చానల్ చూసేవాళ్లందరికీ ఆ అల్మారా పరిచయమే. ఇవాళ ఆమె అరచేతిలో జానెడు బొమ్మ ఒకటి ఉంది. ముఖానికి ఇనప ముసుగు, ఒంటికి నూనె మరకల తోలు కోటు, నడుముకు పనిముట్ల పట్టీ.

ఆ కోటు మీద ప్రతి మరకా స్నేహలతకు తెలుసు. కింది అంచు చిరిగినట్టు కనిపించడానికి మూడు ఆదివారాలు పట్టింది ఆమెకు.

"తారాదళం మూడో భాగంలో ఓర్సా కనిపించేది పదకొండు నిమిషాలే," అంటోంది నాగశ్రీ. "పాడైన ఓడల్ని బాగుచేసే ముసలామె. సినిమా మొత్తంలో ముసుగు ఒక్కసారి కూడా తియ్యదు. అందుకే ఏ కంపెనీ వాళ్లూ ఆమె బొమ్మ చెయ్యలేదు. ఇది నేను చేశాను."

తర్వాత రెండు వేళ్లతో ముసుగు పైకెత్తింది. కింద ముడతలు పడ్డ చిన్న ముఖం. కుడి కనుబొమ మీద గాటు. లోపలికి పోయిన పెదవులు.

"ముసుగు వెనక ఎవరుండాలా అని చాలా ఆలోచించాను. చివరికి మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఇది మా అమ్మమ్మ ముఖం."

స్నేహలత చేతిలోని కత్తి మైనంలోకి దిగిపోయింది. పన్ను సగానికి విరిగింది.

"మస్తు చేసింది గదా అక్కా," అంది మంగ. మళ్లీ ఫోన్ దగ్గరికి తీసుకుని చూసింది. "ఏందో గానీ, మీ అమ్మ లెక్కనే కొడ్తుంది మొఖం."

"ఇటియ్యి," అని స్నేహలత ఫోన్ తీసుకుని బోర్లా పెట్టింది. విరిగిన మైనం గీకేసి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. ఆ పన్ను పూర్తయ్యేసరికి రెండయింది.

మధ్యాహ్నం డబ్బా విప్పకుండా మెట్ల మీద కూర్చుని నాగశ్రీ పాత వీడియోలు వెతికింది. ఓర్సా బొమ్మను మొదటిసారి చూపించినది రెండు నెలల కిందటిది. "మా ఫ్రెండ్ చేసింది, పేరు చెప్పొద్దంది," అని నవ్వింది అందులో. మూడు వారాల కిందటి దాంట్లో, "మేం చేశాం" అంది. ఆ మాట దగ్గర కళ్లు ఒకసారి పక్కకు తిప్పింది. ఇవాళ్టి దాంట్లో ఎక్కడా తడుముకోలేదు.

పేరు చెప్పొద్దన్నది నిజమే. ల్యాబ్ యజమాని సుందరరావు మంచివాడే గాని, మిగిలిపోయిన మైనం ముక్కలు కూడా సాయంత్రం డబ్బాలో వేయించి మూత పెట్టించేవాడు. ఓర్సా ముఖం చెక్కింది ఆ ముక్కలతోనే, అచ్చు పోసింది కట్టుడుపళ్ల చిగుళ్లకు వాడే గులాబి పొడితోనే. "నా పేరు ఎక్కడ తియ్యకు నాగూ, సార్‌కు తెలిస్తే మంచిగుండదు," అని, వీడియోలో చూపించడానికి బొమ్మ చేతికిచ్చినప్పుడే చెప్పింది. తర్వాత ఇంకో మాట కూడా చెప్పింది. "ఈ మొఖం మా అమ్మది. అమ్మకు తెల్వదు." అది ఇంకెవరికీ చెప్పలేదు. ఆ రోజు నాగశ్రీ ముసుగు ఎత్తి చూసి కళ్లు తుడుచుకుంది.

'వీడియో చూసిన' అని మెసేజ్ పెట్టింది. చూసినట్టు గుర్తు వెంటనే పడింది. గంట తర్వాత జవాబొచ్చింది. ఒక గుండె బొమ్మ, 'రేపు కలుద్దాం, టీ తాగుతూ చెప్తా' అని.

అశోక్‌నగర్‌లో వాళ్లుండేది కోచింగ్ సెంటర్ల వెనక ఒక పాత ఇంటి పైపోర్షన్. కింద గదులన్నీ పోటీ పరీక్షలు రాసే పిల్లలకు అద్దెకిచ్చారు. స్నేహలత ఇంటికొచ్చేసరికి తల్లి కిష్టమ్మ గాజు అల్మారా తలుపులు తెరిచి బొమ్మలు తుడుస్తోంది. పాలమూరు నుంచి మేస్త్రీ వెంట వచ్చి, ఈ ఊళ్లో ముప్పై ఏళ్లు ఇటుకా కంకరా మోసింది. ఇప్పుడు పక్క వీధిలో ఆడపిల్లల హాస్టల్ ఊడుస్తుంది. కూతురు కొనే బొమ్మల గురించి ఏనాడూ ఏమీ అనలేదు. వాటికి తన పేర్లు తను పెట్టుకుంది.

"ఈ బకీట నెత్తోని చెయ్యి ఊగుతుంది. చూస్కో," అంది.

"నేను చూస్తలే. నువ్వు కూసో."

కిష్టమ్మ కూర్చోలేదు. తోకవాణ్ని తుడిచి, రెక్కలామెను తుడిచి, ఒక్కొక్కరినీ వాళ్ల చోట్లో నిలబెట్టింది. ఆమె కుడి కనుబొమ మీద గాటు ఉంది. కంకర కొడుతుంటే రాయి ఎగిరి తగిలింది. కింది వరస ముందుపళ్లు రెండు లేవు. స్నేహలత గుమ్మం దగ్గరే నిలబడి ఆ ముఖాన్ని చూసింది. ఏడు నెలల పాటు ఆదివారం మధ్యాహ్నాలు తల్లి నిద్రపోతున్నప్పుడు మంచం పక్కన కూర్చుని చూసి చూసి చెక్కింది దాన్ని. తల్లి కదిలితే మైనం ముక్క చీరకొంగు కింద దాచేది.

ఇప్పుడా ముఖానికి ఇంకొకరి అమ్మమ్మ అని పేరు పడింది. వేలమంది చూశారు. అన్నం తినేటప్పుడు తల్లి రెండుసార్లు పలకరించినా ఆమెకు వినపడలేదు.

శుక్రవారం సాయంత్రం నారాయణగూడ ఇరానీ హోటల్లో నాగశ్రీ ముందే వచ్చి కూర్చుంది. స్నేహలతను చూడగానే లేచి చెయ్యి పట్టుకుంది. డిగ్రీలో మొదటి సంవత్సరం నుంచి వాళ్లిద్దరూ ఆ చెయ్యి అలాగే పట్టుకుని క్రాస్‌రోడ్స్ థియేటర్లలో పొద్దుటి ఆటలకు వెళ్లారు. అంతరిక్షం సినిమాలకు ఆ వరసలో ఆడవాళ్లు వాళ్లిద్దరే ఉండేవాళ్లు. పెళ్లి చేసుకోవా అని ఇంట్లో, బొమ్మలేంటి ఈ వయసులో అని పనిచేసేచోట ఎవరైనా అడిగిన ప్రతిసారీ ఇద్దరూ ఒకరికొకరు ఫోన్ చేసుకుని నవ్వుకున్నారు.

"కోపం వచ్చింది కదూ," అంది నాగశ్రీ.

"నేను చేసిన అని ఎట్లన్నవ్ నాగూ?"

"ఒకసారి నోరు జారింది స్నేహా. ఒట్టు. 'మేం' అనబోయి 'నేను' అనేశాను. తర్వాత తీసేద్దాంలే అని అలాగే పెట్టేశాను. అది చూసి ఎవరో కామెంట్ పెట్టారు, మీ చేతులు బంగారం అని. నా జన్మలో నన్ను ఎవరూ ఆ మాట అనలేదు. నేను కొంటాను, చూపిస్తాను, మాట్లాడతాను. అంతేగా నాకొచ్చింది."

"అమ్మమ్మ అన్నవ్."

నాగశ్రీ టీ కప్పు తిప్పింది. "మీ అమ్మ అని చెప్పకూడదని నువ్వేగా అన్నావు. ఏదో ఒకటి చెప్పాలి కదా. ముఖం ఎవరిది, ముఖం ఎవరిది అని అందరూ అడుగుతున్నారు."

తను నమ్మి చెప్పిన రెండు మాటల్నీ నాగశ్రీ రెండు ఇటుకల్లా పేర్చి వాటి మీద నిలబడింది. కింద నుంచి లాగుదామంటే అవి తన మాటలే.

"రేపు చిక్కడపల్లిలో బొమ్మలు పోగుచేసేవాళ్ల మీట్ ఉంది," అంది నాగశ్రీ గొంతు తగ్గించి. "బొమ్మలు చెయ్యడం నేర్పే క్లాసులు పెడదామని ఒక సంస్థ వాళ్లొస్తున్నారు. ఓర్సాను చూసి నన్ను అడిగారు. నువ్వు వెనక ఉండి చేసిపెట్టు, ముందు నేను మాట్లాడతాను. మనం ఎప్పుడూ అలాగేగా. నీకూ పేరొద్దు కదా."

"నాకు పేరొద్దన్న," అంది స్నేహలత. "నీకు పెట్టుకొమ్మనలే."

టీ తాగకుండా లేచింది. నాగశ్రీ పిలవలేదు.

శనివారం మధ్యాహ్నం ల్యాబ్ నుంచి తొందరగా వచ్చి, "అమ్మా, నాతోని జర వస్తవా?" అని అడిగింది.

"యాడికి?"

"చిక్కడపల్లికి. బొమ్మల కాడికి. నీకు చూపిస్త."

కిష్టమ్మ హాస్టల్లో పని చక్కబెట్టుకుని వచ్చి, పెట్టెలోంచి ఆకుపచ్చ గద్వాల చీర తీసి కట్టుకుంది. జుట్టుకు నూనె రాసి దువ్వుకుంది. ఎందుకని అడగలేదు. స్నేహలత చెప్పలేదు. ఆమె మనసులో ఉన్నది ఒకటే. తల్లిని తీసుకెళ్లి ఆ బొమ్మ పక్కన నిలబెట్టాలి. తను నోరు విప్పక్కర్లేదు, కళ్లున్నవాళ్లు చూసుకుంటారు.

హాలు గ్రంథాలయం దాటాక ఒక సందులో, బట్టల దుకాణం మీద. లోపల వందమంది దాకా ఉన్నారు. కాలేజీ పిల్లలు, నెరిసిన గడ్డాల మగవాళ్లు, రేకు కిరీటం పెట్టుకుని వచ్చిన ఒకాయన. గోడ పొడుగునా బల్లలు వేసి బొమ్మలు పెట్టారు. మధ్య బల్ల మీద నల్లగుడ్డ పరిచి ఓర్సాను ఒక్కదాన్నే నిలబెట్టారు. ముందు అట్టముక్క మీద 'రూపకల్పన: నాగశ్రీ' అని అచ్చువేసి ఉంది.

నాగశ్రీ ఇద్దరు ముగ్గురితో మాట్లాడుతూ వీళ్లను చూసింది. మాట మధ్యలో ఆగిపోయింది.

ఎవరో కాలేజీ అమ్మాయి బల్ల మీదికి వంగి బొమ్మను ఫోటో తీసుకుంటోంది. తలెత్తి కిష్టమ్మను చూసింది. మళ్లీ బొమ్మను చూసింది. ముఖం వెలిగిపోయింది ఆ పిల్లకు.

"అక్కా, మీ అమ్మమ్మగారిని కూడా తీసుకొచ్చారా?" అంది నాగశ్రీ వైపు తిరిగి.

చుట్టూ ఉన్నవాళ్లు చూశారు. స్నేహలత నాగశ్రీ కళ్లలోకి చూసింది. ఇప్పుడైనా చెబుతుందనుకుంది. ఒక్క క్షణం నాగశ్రీ పెదవులు కదిలాయి, చెప్పబోయినట్టే. తర్వాత ఆమె ముందుకు వచ్చి, కిష్టమ్మ భుజం చుట్టూ చెయ్యి వేసింది.

"అవును," అంది. "మా అమ్మమ్మే."

వీడియోలో అన్న మాట వేరు. ఈ చెయ్యి తనింట్లో ఎన్నిసార్లో అన్నం తిన్న చెయ్యి. కిష్టమ్మ ఎన్నిసార్లో వడ్డించిన చెయ్యి.

కిష్టమ్మ తన భుజం మీది చేతిని చూసింది, దాన్ని నెమ్మదిగా తీసి నాగశ్రీ పక్కనే వదిలింది.

"ఎందుకట్లంటవ్ బిడ్డా," అంది. "నేను ఈమెకు అమ్మను." స్నేహలతను చూపించింది. "నీకు అమ్మమ్మను ఎట్లయిత?"

కాలేజీ పిల్ల ఫోన్ దించేసింది. కిష్టమ్మ బల్ల దగ్గరికి వెళ్లి బొమ్మను చేతిలోకి తీసుకుంది, ఇంట్లో తుడవడానికి తీసుకున్నట్టే. అటూ ఇటూ తిప్పింది. కోటు అంచు తడిమింది. ముసుగుకు కీలు ఉందని వేలికి తగలగానే పైకెత్తింది.

చాలాసేపు చూసింది.

"ఇది ఎవరు చేసిండ్రు?"

నాగశ్రీ నేలకేసి చూస్తోంది. ఈ సంగతి అందరికీ తెలియాలనే స్నేహలత వచ్చింది. రెండ్రోజులుగా గొంతులో పెట్టుకుని తిరుగుతోంది.

"నేను చేసిన," అంది.

"నన్ను చూసా?"

"ఊ."

"ఎప్పుడు చూసినవ్?"

"నువ్వు పండుకున్నప్పుడు."

కిష్టమ్మ తల ఊపింది. అర్థమైనట్టు ఊపిందో, సరేలే అన్నట్టు ఊపిందో తెలియలేదు. బొమ్మ ముఖం మీద బొటనవేలు పెట్టి రాసింది, దుమ్మేమైనా ఉందేమో అన్నట్టు.

"నేను గిట్ల లేను," అంది. ఆ గొంతులో కోపం లేదు. "ఇంత దీనంగ ఎప్పుడున్న నేను? ఇది పీనుగ మొఖం. పండుకున్నోళ్లు అందరు గిట్లనే ఉంటరు."

ముసుగు దించి, బొమ్మను నల్లగుడ్డ మీద తీసినచోటే పెట్టింది. కొద్దిగా పక్కకు వాలితే సరిచేసింది. తర్వాత నాగశ్రీతో, "నువ్వే ఉంచుకో బిడ్డా. ఇది నాది గాదు," అంది.

నాగశ్రీ చప్పున తలెత్తింది. స్నేహలత వచ్చి బొమ్మను లాక్కుని ఉంటే ఆమె ఏదో ఒకటి అనగలిగేది. ఇప్పుడు ఆమె చేతికి అట్టముక్క తగిలి కింద పడింది. వంగి తీసి, మళ్లీ నిలబెట్టాలో వద్దో తెలియక పట్టుకుని నిలబడింది.

"స్నేహా," అంది, చిన్నగా.

స్నేహలత బొమ్మ వైపు చెయ్యి చాపింది. ఏడు నెలలు. కోటు అంచుకే మూడు ఆదివారాలు. అప్పటికే తల్లి గుమ్మం దాటి మెట్లు దిగుతోంది, ఆకుపచ్చ చీర కుచ్చెళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని. స్నేహలత చెయ్యి వెనక్కి తీసుకుని ఆమె వెంట వెళ్లింది.

ఆటో ఎక్కుదామంటే కిష్టమ్మ వద్దంది. కూరగాయల బండ్ల మధ్యనుంచి ఇద్దరూ నడిచారు. నాలుగు బండ్లు దాటాక కిష్టమ్మ అడిగింది.

"ఆ పిల్ల నీది ఎత్కపోయింది. నన్ను చూపించి గెలుద్దామని తీస్కవచ్చినవ్. అంతేనా?"

"అంతే," అంది స్నేహలత.

"చెప్తే రాకపోదునా?"

ఒక బండి దగ్గర కిష్టమ్మ ఆగి చిక్కుడుకాయలు ఏరుకుంది. ముదురువి పక్కన పడేస్తూ, "అందరి పండ్లు చేస్తవు," అంది, బండివాడికి వినపడకుండా. "నా మొఖం చేసినవు, పండ్లు లేకుండ. అందరు చూసిండ్రు."

ఆ మాటకు స్నేహలత నడిరోడ్డు మీద నిలబడిపోయింది. వెనకనుంచి స్కూటర్ హారన్ కొడితే పక్కకు జరిగింది. నాగశ్రీ చేసినదాని గురించి రెండ్రోజులుగా ఆమె మనసులో ఎన్ని మాటలు పేర్చుకుందో, అందులో సగం మాటలు అచ్చంగా తనకే సరిపోతున్నాయి. అలాగని నాగశ్రీ మీద మంట తగ్గలేదు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

"తప్పయింది అమ్మా," అంది.

"నడువు. పొద్దుగూకుతుంది."

ఆదివారం పొద్దున ఫోన్ చూస్తే వీడియో లేదు. నాగశ్రీ తీసేసింది. దాని చోట ఏమీ రాయలేదు, ఎవరి పేరూ పెట్టలేదు. ఆమె నుంచి మూడు కాల్స్ వచ్చి ఉన్నాయి. స్నేహలత ఫోన్ పక్కన పెట్టింది. వచ్చే శుక్రవారం తారాదళం ఐదో భాగం విడుదల. ఈపాటికి రెండు టికెట్లు తీసి ఉండాల్సింది. ఎప్పుడూ నాగశ్రీయే తీసేది. ఒకరే వెళ్తే ఎలా ఉంటుందో ఆమెకు తెలీదు. పక్క కుర్చీలో ఎవరైనా కూర్చుంటారు, సినిమా మాత్రం అదే ఆడుతుంది. ఆ ఆలోచన దగ్గర కళ్లల్లో నీళ్లు వచ్చాయి. హాల్లో రాని నీళ్లు.

కిష్టమ్మ గుమ్మం దగ్గర ఎండలో పీట వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. కూతురి వైపు చూడకుండానే అడిగింది.

"సినిమాల ఆ ముసలామె ఏం చేస్తది?"

"ఖరాబయిన ఓడలు బాగు చేస్తది. అవి ఎగురుతయి."

"ఆమె ఎక్కుతదా?"

"ఎక్కది. ఎక్కెటోళ్లు వేరేటోళ్లు."

"మొఖం ఎందుకు కప్పుకుంటది?"

స్నేహలతకు తెలీదు. సినిమా పదిసార్లు చూసింది, ఏనాడూ అనుకోలేదు. "నిప్పురవ్వలు పడకుండ గావచ్చు," అంది.

"మరి గట్లయితే ఏడుస్త ఎందుకుంటది లోపల? పని చేసెటోళ్లు పని మీద ఉంటరు." పీచు తీసి పడేసింది. "తెచ్చుకో నీ మైనం."

"ఏందమ్మా?"

"మెలకువతోనే ఉన్న గదా. ఇప్పుడు చూసి చెయ్యి. హాస్టల్‌కు పోవాలె, పదింటి దాంక కూసుంట."

స్నేహలత బజార్లో తన డబ్బుతో కొన్న మైనం కొత్త పెట్టె విప్పింది. కొవ్వొత్తి వెలిగించి, తల్లికి ఎదురుగా నేలమీద కూర్చుంది. ముద్దను వేళ్ల మధ్య మెత్తబరుస్తూ ముఖం కేసి చూసింది. నిద్రలో ఏడు నెలలు చూసిన ముఖమే. ఇప్పుడు అది ఒక్కచోట నిలవడం లేదు.

"నోరు ముయ్యాల్నా?" అని అడిగింది కిష్టమ్మ.

"నీ ఇష్టం."

కిష్టమ్మ ఆలోచించింది. పళ్లు లేని చోట నాలుకతో తడుముకుంది.

"సోమారం నాడు మీ ల్యాబుకొస్త. ఆడ నా దవడ అచ్చు తియ్యి. మీ సార్‌కు నేనే చెప్త." ఇంకో కాయ చేతిలోకి తీసుకుంది. "అప్పటిదాంక మొఖం పైది చెయ్యి. నోరు ఆఖర్ల పెట్టు."

తర్వాత హిమాయత్‌నగర్‌లో ఒక ఐదంతస్తుల మేడకు స్లాబు పోసిన రోజు సంగతి ఎత్తుకుంది. మధ్యలో వాన వస్తే మేస్త్రీ దిగిపొమ్మన్నాడట, ఆడవాళ్లెవరూ దిగలేదట. కనుబొమలు లేస్తున్నాయి, దవడ తిరుగుతోంది, చేతులు ఒలుస్తూనే ఉన్నాయి. స్నేహలత ఒక గీత గీసింది. అంతలోనే ముఖం మారిపోయింది. గీసింది చెరిపి, మైనాన్ని మళ్లీ మంట దగ్గర పెట్టింది.

"ఇంటున్నవా?" అంది కిష్టమ్మ.

"ఇంటున్న. చెప్పు."